కాడి కట్టి చూసే మనిషి

మా వీధిలో ఎవరైనా నన్ను ఆపి "సారు ఏం పని జేస్తడు టీచరమ్మా?" అని అడిగితే, నేను నోరు విప్పేలోపే పైనుంచి జవాబు వచ్చేది.

"ఎడ్లబ్యారం!"

అలా అరిచేది మావారు ఓంప్రకాశ్. ఆయనకు ఎడ్లు లేవు. కరీంనగర్ మంకమ్మతోటలో, మొదటి అంతస్తు ఇంట్లో, కిటికీ పక్కన ఒక టేబుల్, దాని మీద రెండు తెరలు, దానికి ఎదురుగా వెనక్కి వాలే కుర్చీ మాత్రం ఉండేవి. పొద్దున టిఫిన్ తిని ఆ కుర్చీలో కూర్చుంటే హైదరాబాద్ కంపెనీ పనంతా అక్కడి నుంచే. ఆ పని నాకు అర్థం కావడానికే పెళ్లయ్యాక చాలా కాలం పట్టింది. ఇంక వీధికేం చెప్పను?

ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ కొత్త ప్రోగ్రామింగ్ భాష ఒకటి పుడుతూనే ఉంటుందట. ప్రతిదీ "నా అంత వేగం ఎవరికీ లేదు, నా అంత భద్రం ఎవరూ లేరు" అని డప్పు కొట్టుకుంటూ వస్తుందట. వాటిలో ఏది కంపెనీ పనికి పనికొస్తుందో, ఏది నాలుగు రోజుల ముచ్చటో తేల్చి చెప్పడం ఆయన ఉద్యోగం. భాషను చూస్తే సరిపోదు, దాని కంపైలర్‌ను కూడా చూడాలి. కంపైలర్ అంటే ఏమిటని ఒకసారి అడిగాను.

"నువ్వు కాలేజీల పద్యానికి తాత్పర్యం చెప్తవు గద పద్మా, గట్లనే. మనిషి రాసినదానికి మిషన్‌కు తెలిసేటట్టు తాత్పర్యం చెప్పేటిదే కంపైలర్. నువ్వు తప్పు చెప్తే పిల్లలు నిద్రపోతరు. అది తప్పు చెప్తే బ్యాంకు నిద్రపోతది" అన్నారు.

నా తరగతిలో ఎవరూ నిద్రపోరని చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మాకు పాలు పోసే బుచ్చవ్వ ఎడ్లబ్యారం మాటను నిజమే అనుకుంది. ఒకరోజు పాలక్యాను మెట్ల మీద పెట్టి, "సారూ, జర మంచి బర్రె ఉంటె సూడుండ్రి, మీకు అంగడోళ్లు ఎర్కేనట గద" అంది. నిజం చెప్పేస్తారని నేను చూస్తున్నాను. ఆయన కిందికి దిగి వచ్చి, ఆమెతో పాటు మెట్ల మీద కూర్చుని, బర్రెను ఎలా పరీక్షించాలో వివరించడం మొదలుపెట్టారు. అవతల కంపెనీ మీటింగులో అరుణ్‌కుమార్ అనే పెద్ద ఆఫీసరు "ఓంప్రకాశ్ గారూ, వినిపిస్తోందా?" అని తెరలోంచి పిలుస్తూనే ఉన్నాడు. బుచ్చవ్వ తర్వాత కొన్న బర్రె మంచిదే అయింది. అప్పటి నుంచి మాకు పోసే పాలలో నీళ్లు కొంచెం తగ్గాయి.

ఆ బర్రె చదువు, ఎడ్ల చదువు ఆయనకు తండ్రి ముత్తయ్య నుంచి వచ్చాయి. లక్సెట్టిపేట పక్కన, గోదావరి ఒడ్డు మీది ఊరు వాళ్లది. ముత్తయ్య మామ ఎడ్లను కొంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం చూడటానికి వచ్చేవారట. అంగట్లో కొమ్ములకు రంగు వేసి, మెడలో గంటలు కట్టి నిలబెట్టిన ఎడ్ల వంక ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు. "కాడి కట్టుండ్రి, సూస్త" అనేవాడు. నిండు బండికి కట్టించి, చక్రం దిగబడే గోదారి ఇసుకలోకి తోలించేవాడు. బెదిరిందా, కూలబడిందా, మెడ వంచి లాగిందా అన్నీ చూశాక, చిట్టచివర పగ్గం తీసి మా అత్త శంకరవ్వ చేతికి ఇచ్చేవాడు. ఆమె ఆ ఎద్దుకు కొత్త మనిషి. ఎడ్లను తోలడం ఆమెకు రాదు. అలాంటి చేతిలో కూడా అది నెమ్మదిగా వెంట నడిస్తే, "కాడి కట్టుకోవచ్చు" అని తేల్చేవాడు. ఆ మాట ఆయన నోట చాలా అరుదుగా వచ్చేదట.

ఓంప్రకాశ్ కూడా అంతే. కొత్త భాష తన గురించి తాను చెప్పుకునే గొప్పలను చదివేవారు కాదు. "కొమ్ముల రంగు" అని పక్కకు పెట్టేవారు. ఆయనకంటూ ఒక నిండు బండి ఉండేది. దాని పేరు "బంతి".

మా వైపు పెళ్లిళ్లలో, పండుగల్లో ఇస్తర్లు వేసి వరుసగా కూర్చుని తినడాన్ని బంతి అంటాం. ఆయన బంతి ఒక ప్రోగ్రాం. పైన, భోజనానికి వచ్చేవాళ్ల పేర్లు చెప్పాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో, ఎవరి పక్కన ఎవరు తప్పనిసరో కింద చెప్పాలి. ఎక్కడా గొడవ రాకుండా అది వరుస కుదర్చాలి. వినడానికి చిన్న పనే. మా చుట్టాల పేర్లు, పంచాయితీలు అన్నీ అందులో పెట్టాక కంప్యూటర్‌కు చెమటలు పట్టేవి. ఏ కొత్త భాష వచ్చినా అందులో బంతిని మళ్లీ రాసి నడిపించడమే ఆయన మొదటి పరీక్ష.

ఒక భాష మెరుపులా పరుగెత్తింది గానీ తెలుగు పేర్లు ఇచ్చేసరికి గుడి దీర్ఘాలను ఊడబెరికి పక్కన పడేసింది. "మంచి ఎద్దే. మన మాట వినది" అన్నారు. ఇంకొకటి ప్రోగ్రాంను తయారు చేయడానికే ఎంతసేపు తీసుకునేదంటే, ఆయన దాన్ని మొదలుపెట్టి టవర్ సర్కిల్ దాకా పోయి ఉల్లిగడ్డలు తెచ్చేవారు. నాకు మాత్రం ఆ భాష నచ్చింది. మరొక భాషకు ఇద్దరు వేర్వేరు వాళ్లు చేసిన రెండు కంపైలర్లు ఉండేవి. ఒకే బంతికి ఒకటి ఒక వరుస చెప్తే రెండోది ఇంకొకటి చెప్పింది. ఆ రెండింటిలో ఏది తప్పో తేల్చే వరకు ఇంట్లో ఆయనతో మాట్లాడటం దండగ అయ్యింది.

బంతిలో అన్నిటికంటే గట్టి నియమం ఒకటుండేది. కైలాసం పక్కన కొమురెల్లి కూర్చోకూడదు.

కైలాసం మా ఆడబిడ్డ రమ భర్త. నస్పూర్‌లో బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాక వ్యవసాయం చేద్దామని మామ ముత్తయ్యకు చెప్పకుండా ఒక తెల్లెద్దును కొన్నాడు. ఎడ్లకు పూజ చేసే పొలాల పండుగ నాడు దానికి రంగులు, కుచ్చులు కట్టి ఊరేగింపులోకి తెస్తుంటే, ముత్తయ్య మామ తమ్ముడు కొమురెల్లి ఒక్కసారి చూసి, "గిది కూసుంటది" అన్నాడు. ఊరంతా చూస్తుండగా, హనుమాండ్ల గుడి ముందర, అది నిజంగానే కూర్చుంది. డప్పులు ఆగిపోయినా లేవలేదు. "నీ నోరే దిష్టి కొట్టింది" అని కైలాసం, "నా నోరు గాదు, నీ కండ్లు లేవు" అని కొమురెల్లి. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మా కూతురు సృజన ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో తనే ఒక భాషను తయారు చేసింది. పేరు మోదుగ. కంపైలర్‌తో సహా అంతా తన చేతి పనే. కాలేజీలో దానికి మంచి మార్కులు పడ్డాయి, చప్పట్లు పడ్డాయి. అది ఇంటికి వచ్చి ఆ మార్కుల కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోయింది. దానికి కావలసింది వేరే.

"బాపూ, నా మోదుగకు కాడి కట్టు" అంది.

"ఆలోచించుకో బిడ్డా. నేను అందరికి చెప్పినట్టే నీకు గూడ చెప్త."

"గట్లనే చెప్పాలె. లేకుంటె నాకెందుకు?"

దాని గొంతు ధైర్యంగానే ఉంది. చేతి వేళ్లు మాత్రం చున్నీ కొసను మెలిపెడుతున్నాయి. పుట్టినప్పటి నుంచి అది వింటున్న మాట "కాడి కట్టుకోవచ్చు". తండ్రి నోట అది తన పనికి రావాలి. ఇంకెవరు చెప్పినా దానికి లెక్కలేదు.

మేమంతా ఏటా కొండగట్టు పోయి, అంజన్న దర్శనం చేసుకుని, గుట్ట కింద చెట్ల నీడలో వండుకుని తింటాం. ఆ ఏడు బంతిని మోదుగలో రాసి, అక్కడే నిజం మనుషులతో నడిపిద్దామని ఆయన నిర్ణయించారు. "ఇసుకల దింపుదాం" అన్నారు.

పులిహోర, పప్పు, పచ్చిపులుసు, గారెలు అయ్యాయి. సృజన ల్యాప్‌టాప్ చూసి పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. ఆయన ఎప్పటిలాగే నడుముకు తువాల చుట్టుకుని పచ్చిపులుసు బకెట్ పట్టుకున్నారు. ఏ బంతిలోనూ ఆయన కూర్చోవడం నేను చూడలేదు. అందరికీ వడ్డించి, చివర నిలబడి తినేవారు. బంతి ప్రోగ్రాంలో ఆయన పేరే ఉండేది కాదు.

ఇస్తర్లలో అన్నం పడింది. పప్పు పడింది. ఆయన వడ్డించుకుంటూ వరుస చివరికి వచ్చి, అక్కడే కొయ్యబారిపోయారు. చిట్టచివర కొమురెల్లి. ఆయన పక్కనే కైలాసం.

ఆ సందడిలో పక్కన ఎవరున్నారో గమనించని ఇద్దరూ అప్పుడే ఒకరినొకరు చూసుకున్నారు. కైలాసం లేవబోయాడు. "అన్నం ముందటికెల్లి లేస్తవా అల్లుడా?" అని మా అత్త శంకరవ్వ గద్దించింది. వడ్డించిన ఇస్తరి ముందు నుంచి లేవడం మాలో ఎవరూ చేయని పని. కైలాసం మళ్లీ కూర్చున్నాడు. ఇద్దరూ చెరోవైపు మెడ తిప్పుకుని ముద్దలు మింగుతున్నారు. ఎక్కడో కోతి ఒకటి కొమ్మ ఊపింది.

కాసేపటికి కొమురెల్లి చిన్నమామ గాలిలోకి అన్నాడు. "వదినే, నీ అల్లుని ఇస్తట్ల పప్పు ఒడిసింది. అడిగితె నోరు అరుగుతదా?"

"అత్తా, నీ మరిదికి చెప్పు. నా ఇస్తరి నేను సూసుకుంట" అన్నాడు కైలాసం.

"అవు, ఎద్దును గూడ గట్లనే సూసుకున్నడు."

మావారి చేతిలో బకెట్ వంగి పచ్చిపులుసు ఆయన కాళ్ల మీద కారుతోంది. కైలాసం భుజాలు కదిలాయి. కోపం అనుకున్నాను. అది నవ్వు.

"కూసున్నది మామా. నువ్వన్నట్టే కూసున్నది. మళ్ల అమ్మబోతె అంగట్ల గూడ కూసున్నది."

"గది ఎద్దు గాదురా, పటేలు!" అన్నాడు కొమురెల్లి. ఇద్దరూ పొలమారేలా నవ్వారు. వడ్డిస్తున్న రమ వచ్చి ఇద్దరి నెత్తి మీదా తట్టి నీళ్లు ఇచ్చింది.

తర్వాత సృజనను ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ. "అంజన్ననే రాసిండు గీ ప్రోగ్రాం" అంది మా అత్త. ఓంప్రకాశ్ మాత్రం చేతులు కడుక్కుని, జీపులో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచారు. సృజన జీపు తలుపు పట్టుకుని నిలబడింది.

"దొరికింది. వరుసల పక్కపక్కన ఉన్న ప్రతి జంటను ఆఖరిదాక సూడుమని నేను రాసిన. నీ కంపైలర్ ఆఖరి జంట రాకముందే ఆగుతుంది" అన్నారు.

"అయితే?"

"అయితే ఏంది? కాడి వద్దు."

"బాపూ! ఇన్నేండ్ల పంచాయితి తెగింది గద. అందరు ఖుష్ గద!"

"నేను గూడ ఖుషే. కని నేనేమడిగిన? దూరం కూసోబెట్టుమన్న. నీ మోదుగ పక్కపక్కన కూసోబెట్టింది. రేపు గిదే మోదుగతోని దవాఖానల మందులిచ్చే ప్రోగ్రాం రాస్తరు. ఆఖరి మనిషికి మందు అందది."

"మా సార్లకు కనబడలే ఇది!"

"సార్లు కొమ్ములు సూసిండ్రు."

కైలాసం వచ్చి అడ్డుపడ్డాడు. "బామ్మర్దీ, పాస్ జెయ్యరాదు పోరిని. మమ్మల్ని కలిపింది."

"అవు, పాస్ జెయ్యి" అన్నాడు కొమురెల్లి.

"మీరిద్దరు ఒక్కటైతే నాకు బయమైతుంది. కని కాడి వద్దంటె వద్దే" అన్నారాయన.

సృజన కళ్లు నిండాయి. "నువ్వు బాపువా, ఇన్‌స్పెక్టర్‌వా?" అని ఇంటికి వచ్చేదాకా డ్రైవర్ పక్కన కూర్చుంది. ఆయన వెనక సీట్లో నా పక్కన కూర్చుని దాని జడ వంకే చూస్తున్నారు.

అది కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా నా ద్వారానే. "అమ్మా, ఇన్‌స్పెక్టర్ సార్‌ను జర టీవీ సౌండు తగ్గించుమను." కానీ పక్క గదిలోంచి కీబోర్డు చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన బంతిని అటు తిప్పి ఇటు తిప్పి నడిపించారు. కైలాసం ఒక కొసకు, కొమురెల్లి మరో కొసకు పోయారు. వాళ్లిద్దరూ ఇప్పుడు కలిసి చాయ్ తాగుతున్నారు కదా, ఆ నియమం తీసేయరాదా అన్నాను. "నియమం తీస్తె పరీక్ష ఏముంటది?" అన్నారు.

"అయితే పాసేనా?" అంది సృజన.

"నడక మంచిగైంది. తిట్టుడే మంచిగ లేదు."

ప్రోగ్రాంలో తప్పు ఉంటే కంపైలర్ ఆపి చెప్తుంది. ఆయన కావాలని ఒక బ్రాకెట్ తీసేసి చూపించారు. తెర మీద ఎర్రటి ఇంగ్లిష్ అక్షరాలు నాలుగు వరుసలు వచ్చాయి. "గిది చెప్పుడా, శాపం పెట్టుడా? తప్పు చేసినోనికి తప్పేందో తెలవాలె. తెలిసి, నవ్వొచ్చి, సరిజేసుకోవాలె" అన్నారు.

"అయితే నువ్వే రాయి తిట్లు!" అంది సృజన.

ఆయన నిజంగానే రాశారు. ఆ తిట్ల కోసం మా అత్త మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. "అవ్వా, నేను చిన్నగున్నప్పుడు తలుపు పెట్టకుంట బయటికి ఉరికితె ఏమనేదానివి?" ఆమె ఏమాత్రం తడుముకోకుండా, "తెరిసినోనివి నువ్వు, పెట్టెటోళ్లు ఎవలు? నీ నౌకరా?" అనేది. బ్రాకెట్ మూయకపోతే మోదుగ ఇప్పుడు అదే అంటుంది. అంకెను పేరుతో కలపబోతే, "పెరుగన్నంల చాపల పులుసు పోసుకుంటవా?" ఎప్పటికీ ఆగని చుట్టులో పడితే, "తిరిగినకాడ్నే తిరుగుతున్నవు. జర కూసోని నీళ్లు తాగు." తిట్టుతో పాటు తప్పు ఎక్కడుందో, ఏం చేయాలో కూడా ఉండాలి. అది ఆయన షరతు. తండ్రీకూతుళ్లు వాటిని పైకి చదువుకుని పడీపడీ నవ్వుతుంటే పక్కింటివాళ్లు ఏమైందని అడిగేవారు. ఎడ్లబ్యారంలో లాభం వచ్చిందని చెప్పాను.

"ఇంక ఒక్కటే పరీక్ష మిగిలింది" అన్నారాయన. "తెలవని మనిషి చేతికి పగ్గమియ్యాలె."

ఆ తెలియని మనిషిని నేనే. దసరా సెలవుల్లో కూర్చోబెడతానన్నారు. సద్దుల బతుకమ్మ అయింది, దసరా అయింది. పండుగ మరునాడు పొద్దున చాయ్ తీసుకుని పోతే, ఆయన ఆ వాలు కుర్చీలోనే ఉన్నారు. తెర మీద బంతి నడుస్తోంది. పిలిస్తే పలకలేదు. గుండె అన్నారు డాక్టర్లు.

ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా మావాళ్లు గుట్ట ఎక్కరు. ఆ ఏడాదంతా సృజన మోదుగను తెరవలేదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూలకు పోయింది, అక్కడా దాని మాట ఎత్తలేదట. "బాపు పాస్ జెయ్యలే గద" అంది ఒకసారి అంతే.

సంవత్సరీకం అయ్యాక కొండగట్టు పోయాం. వంట అవుతుండగా సృజన జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, నా చేయి పట్టుకుని తీసుకెళ్లి ముందు నిలబెట్టింది.

"అమ్మా, నువ్వు గొట్టు. నేను ఒక్క మాట చెప్ప."

వచ్చేవాళ్ల పేర్లు పైన అప్పటికే ఉన్నాయి. ఈసారి ఎవరు ఎవరి పక్కన కావాలో కింద రాయడం నా పని. అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. రమ పక్కన ఆమె కూతురు నవనీత. శంకరవ్వ పక్కన... అక్కడ నా వేళ్లు ఎప్పుడూ తలుచుకునే పేరునే కొట్టాయి. ఓంప్రకాశ్. నడిపించే మీట నొక్కాను.

తెర ఆగింది. అక్షరాలు వచ్చాయి.

"ఓంప్రకాశ్ ఎవలు? నాకెర్కలే. పైన ముందుగాల జెప్తె గద ఇస్తరి ఏసేది!"

సృజన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఇంకోసారి చదివాను. పైకి చదివాను. గారెలు తీస్తున్న మా అత్త తలెత్తి, "గది నా మాట గద! పిలువకుంట చుట్టాలను తెస్తె నేను వానికి గట్లనే అందు" అంది. తర్వాత జల్లిగంటె పట్టుకునే కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు నవ్వొచ్చింది. బిగ్గరగానే వచ్చింది, చాలా నెలల తర్వాత.

సృజన చెప్పబోయింది. నేను ఆపాను. అది ఏం చేయమంటున్నదో స్పష్టంగానే ఉంది కదా. పైకి పోయి, వచ్చేవాళ్ల పేర్ల చివర ఆయన పేరు చేర్చి, మళ్లీ మీట నొక్కాను. వరుస వచ్చింది.

పేర్లు నేనే పిలిచాను. అందరూ కూర్చున్నాక చూస్తే, వరుస చివర కైలాసం, ఆయన పక్కన మా అత్త, ఆమె పక్కన ఒక ఖాళీ ఇస్తరి, దానికి ఆవల కొమురెల్లి.

మా అత్త పక్కన ఆయన కావాలని అడిగాను నేను. మోదుగ అందుకని కైలాసాన్ని ఆమెకు ముందు పెట్టింది, కొమురెల్లిని ఖాళీ ఇస్తరికి ఆవల పెట్టింది. ఇద్దరి మధ్య తల్లీకొడుకులు. నియమం నియమమే.

"గీ ఇస్తరి ఎవలిది?" అన్నాడు కైలాసం.

"మీ బామ్మర్దిది. ఇయ్యాల కూసున్నడు" అన్నాను.

కొమురెల్లి చిన్నమామ ఆ ఇస్తరిని కొంచెం తన వైపు సర్ది, దాని మీద పడిన ఎండుటాకును తీసేశాడు. పచ్చిపులుసు బకెట్ పట్టుకుని సృజన మొదటి నుంచి వడ్డించుకుంటూ వచ్చింది. నా దగ్గర ఆగింది. అడగలేదు. బకెట్ కాడను రెండు చేతులతో పట్టుకుని నా ముఖం వంక చూస్తోంది, చున్నీ కొస మెలిపెట్టిన ఆనాటిలాగే.

"కాడి కట్టుకోవచ్చు" అన్నాను.